పైన పేర్చిన మంచి ఆకు

ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయిన నేను, అరొగెన్స్ అన్న మాట ఎక్కడ పుట్టిందో ఆ ముప్పై నాలుగేళ్ళూ తప్పే చెప్పాను. "ఏరో అంటే బాణం. బాణంలా నిక్కి నిలబడేవాడు అరొగెంట్" అని బోర్డు మీద బాణం గీసి మరీ చెప్పేవాణ్ణి. ఎవరూ అడ్డు చెప్పలేదు. పదో తరగతి పిల్లలకు మాట పుట్టుకతో పనేముంది, దాని స్పెల్లింగుతోనే వాళ్ళకు చావు. అదే ఊపులో తెలుగు వైపు కూడా చెయ్యి చాచి, పొగరు పొగలోంచి వచ్చిందనీ, పొగ పైకే పోతుంది గనుక పొగరుబోతు తల కూడా పైకే ఉంటుందనీ చెప్పేవాణ్ణి. పక్క గదిలో తెలుగు సారు ఉండేవారు. మర్యాదస్థుడు, విననట్టే ఉండేవారు.

ఇన్నాళ్ళకు మా మనవరాలు నా బాణం విరిచింది. అది మేముండే హిందూపురంలోనే ఎనిమిదో తరగతి చదువుతోంది. బడిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఇంగ్లీషు మాట ఇచ్చి, దాని అర్థం, పుట్టుక, సొంత ఇంట్లో జరిగిన ఒక ఉదాహరణ రాసి చార్టు చేసుకుని రమ్మన్నారు. మా పిల్లకు వచ్చిన మాట అరొగెన్స్. నేను గర్వంగా బాణం ఎక్కుపెట్టేలోపు అది ఫోనులో చూసేసింది.

"తాతా, నువ్వు చెప్పింది తప్పు. ల్యాటిన్ మాటంట. అడగడం అనే మాటలో నుంచి వచ్చిందంట. తనది కానిదాన్ని నాదే అని తీసేసుకోవడమంట."

"అట్లనా" అన్నాను.

"ఇంగ ఉదాహరణ చెప్పు. మనింట్లో ఎవరికుండాది పొగరు?"

మా ఇంట్లో ఆ ప్రశ్నకు ఒకటే జవాబు. ఎవరిని అడిగినా మా అత్త పేరే చెబుతారు. నేనూ నోరు తెరిచాను. తెరిచిన నోట్లోకి, యాభై ఏళ్ళ కిందటి మల్బరీ ఆకు వాసన వచ్చి కూర్చుంది. నోరు మూసుకున్నాను.

మాది పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య, బస్సు ఆగినా ఆగకపోయినా దుమ్ము మాత్రం దిగే ఊరు. నేను పెనుకొండలో హాస్టల్లో ఉండి చదివేవాణ్ణి. ఆ ఏడు ఇంగ్లీషులో ఫస్టు వచ్చినందుకు ఒక డిక్షనరీ బహుమతిగా ఇచ్చారు. ఇస్తుండగా ఫోటో కూడా తీశారు. ఫోటో ఆయన "తల ఎత్తప్పా, ఇంగా రవ్వంత ఎత్తు" అన్నాడు. ఎత్తాను. ఆయన దించమనడం మరిచిపోయినట్టున్నాడు, ఎండాకాలం సెలవులకు ఊళ్ళో దిగేటప్పటికి కూడా అది అట్లాగే ఉంది. నాయన ఆ ఫోటోకు ఫ్రేము కట్టించి నడవలో తగిలించాడు.

అప్పటికి కొన్ని నెలల ముందే మా అత్త, అంటే నాయనకు అక్క, ధర్మవరం నుంచి ఒక గుడ్డ సంచితో వచ్చేసింది. ఆమె పెనిమిటి అక్కడ మగ్గం నేసేవాడు. ఒకరోజు సంగటి వేడిగా లేదని ముందున్న కంచాన్ని కాలితో తన్నాడట. అత్త ఆ కంచం తీసి కడిగి, బోర్లించి, బస్సెక్కింది. అంతే ఆమె చేసిన నేరం. ఊరు దానికి పొగరని పేరు పెట్టింది.

మా అరుగు మీద కూర్చునే ఎదురింటి పెద్దాయన అనేవాడు, "ఏమప్పా, మీ యక్కకు రవ్వంత ఎక్కువే. మొగుడు తన్నింది కంచాన్నే గదా, కడుపును గాదు గదా."

లోపలి నుంచి అత్త జవాబు వచ్చేది. "నీ కంచం ఒగసారి ఈడికి తే మామా. నేనొగ తన్ను తంతా. మల్ల దాంట్లోనే కూసోని తిందువు."

పెద్దాయన తుండుగుడ్డ దులుపుకుని లేచిపోయేవాడు. కానీ మర్నాడు మళ్ళీ వచ్చేవాడు. మా అవ్వ చేసే ఊరిబిండి అటువంటిది. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరప, రోట్లో కచ్చాపచ్చాగా నూరి పెడితే ఎన్ని తన్నులు తిన్నా మనిషి తిరిగి వస్తాడు.

అత్త మీద ఎన్ని మాటలు వినేవాణ్ణో. పొగరు, కొవ్వు, బలుపు, కండకావరం. మడకశిర నుంచి వచ్చే చుట్టాలైతే సొక్కు అని కన్నడంలో ఒకటి కలిపి పోయేవారు. ఇప్పుడు ఆలోచిస్తే వింతగా ఉంటుంది. ఈ మాటల్లో సగం తిని బలిసినవాళ్ళకు సంబంధించినవే. కరువు సీమ గదా, కడుపు నిండినవాడే గర్విస్తాడని మనవాళ్ళ లెక్క. మా అత్తేమో చింతబరికెలా ఉండేది. కొవ్వని పేరు పెట్టేటప్పుడు కనీసం ఒకసారి ఆమె చేతులైనా చూసి ఉండాల్సింది.

ఆ చేతులే ఆమెకు దిక్కు. మా బావి కింద ఎకరన్నర మల్బరీ వేసి, ఇంటి వెనక కొట్టంలో పట్టుపురుగులు పెంచేవాళ్ళం. అంతకు ముందు రెండు పంటలు పోయాయి. అత్త వచ్చి కొట్టంలో అడుగుపెట్టిన తర్వాత వచ్చిన పంట పండింది. నాయన గట్టిగా నిలబడ్డాడు. ధర్మవరం నుంచి అత్త మరిది వచ్చి పంపమని అడిగితే, "ఈ ఎండాకాలం పంట చేతికి రానీ. అక్క చెయ్యి లేకుంటే పురుగు నిలబడదు. పంటొచ్చినాక చెప్తా, ఉంటాదో వస్తాదో" అని తిప్పి పంపాడు. ఉంటుందనే ఆయన ఉద్దేశం. కొట్టం పక్కన అత్త కోసం ఒక చిన్న గదికి పునాది కూడా తవ్వించాడు. కాబట్టి ఆ ఎండాకాలం తట్టల్లో పెరుగుతున్నవి పురుగులే కాదు. అత్త మా ఇంట్లో ఉండటమా పోవడమా అన్నది కూడా ఆ తట్టల్లోనే పెరుగుతోంది. ఇది ఇంట్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

కొట్టంలో అత్త రాజ్యం. కాళ్ళు కడుక్కుని, గడప దగ్గర పరిచిన సున్నం తొక్కి లోపలికి రావాలి. తలకు వాసన నూనె ఉండకూడదు. బీడీ తాగినవాడు ఆ దరిదాపుల్లోకి రాకూడదు. పురుగులకు ఘాటు పడదని ఇంట్లో తిరగవాత కూడా మానేశారు. నెల రోజులు చప్పటి పప్పు, సంగటి. లోపల పచ్చి ఆకు వాసన, సున్నం వాసన, పురుగుల పెంట వాసన కలిసి ఒక చల్లటి వాసన. పెద్ద పురుగులు ఆకు తింటుంటే వాన పడుతున్నట్టు చప్పుడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో వాన చప్పుడు వినాలంటే పురుగుల కొట్టంలోకి పోవాల్సిందే.

గూడు కట్టేలోపు పురుగు నాలుగు సార్లు చర్మం వదులుతుంది. దాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. ఆ ఒక్క రోజు అది ఆకు ముట్టదు, తల పైకెత్తి కదలకుండా ఉంటుంది. నేను ఒకదాన్ని పుల్లతో కదిలించబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"జ్వరంలో ఉండాది, ముట్టుకోవద్దు అల్లుడూ."

"తల ఎత్తుకోని ఎంత పొగరుగా ఉండాది చూడత్తా."

"తల ఎత్తినోల్లందరికీ పొగరేనా? అది పాత తోలు ఇడుస్తాండాది. నొప్పికి ఎత్తింటాది."

నేను నవ్వాను. నా తల ఏ నొప్పీ లేకుండానే ఎత్తి ఉంది కదా.

చేతిలో డిక్షనరీ ఉన్నవాడికి ఊరంతా పేరు లేనట్టే కనిపిస్తుంది. మా మేకపోతుకు మెజెస్టీ అని, ఎదురింటి పెద్దాయనకు ఇంపాసిబుల్ అని పేర్లు పెట్టాను. ఒక మధ్యాహ్నం అత్త నన్ను నా స్నేహితుల ముందే గడప దగ్గర ఆపింది. "కాలి మడమ తడవలేదు. పోయి మల్ల కడుక్కోని రా." ఇంగ్లీషులో ఫస్టు వచ్చినవాడి మడమ గురించి అంత మంది ముందు మాట్లాడటమా. పళ్ళు బిగించి, "యూ ఆర్ అరొగెంట్" అన్నాను.

"ఏమన్నావ్?"

"మంచి మాటే అత్తా" అన్నాను వెంటనే. "తల ఎత్తుకోని బతికే గొప్పోల్లను ఇంగ్లీషులో అట్లంటారు."

అత్త మొహం ఎట్లా వెలిగిందో ఈ వయసులో కూడా నేను రాయలేను. మెట్టినింట్లో గానీ పుట్టినింట్లో గానీ ఆమెకు ఒక మంచి పేరు పెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంది. ఆకు కోసే ఆడవాళ్ళందరికీ చెప్పుకుంది. "మా అల్లుడు నాకు ఇంగ్లీషు పేరు పెట్టినాడు. అరగంట." ఆమె నాలుకకు అంతవరకే తిరిగింది. వాళ్ళు కూడా "అరగంటమ్మా, ఈ గంప యాడ దించల్ల?" అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె పలికేది. నా స్నేహితులూ నేనూ బావి గట్టు మీద మల్బరీ పండ్లు తింటూ, ఊదారంగు నాలుకలు బయటపెట్టి, కడుపులు పట్టుకుని నవ్వేవాళ్ళం.

నాలుగో జ్వరం లేచిన తర్వాత పురుగులకు ఆకలి ఎక్కువ. ఇంటిల్లిపాదీ ఆకు కొయ్యాలి. మా తోట పక్కన వేరేవాళ్ళ వంగతోట ఉండేది. వాళ్ళు వంకాయకు పురుగుమందు కొట్టారని తెలిసి, ఆ గట్టు వెంబడి నాలుగు సాళ్ళకు అత్త ఎర్ర గుడ్డపేలికలు కట్టింది. పదిహేను రోజులు ఆ ఆకు ముట్టకూడదని ఆమె ఆజ్ఞ. అది చాలదని, ఎవరు ఏ గంప తెచ్చినా పైనుంచి ఒక ఆకు తీసి, వాసన చూసి, రవ్వంత కొరికి నమిలి, అప్పుడే లోపలికి పోనిచ్చేది. పురుగు కంటే ముందు తాను తినేది.

ఆ మధ్యాహ్నం నా వంతు ఒక గంప. స్నేహితులు బంతితో ఎదురుచూస్తున్నారు. మంచి ఆకు తోటకు ఆ చివర ఉంది. పేలికలు కట్టిన సాళ్ళు ఈ చివరే ఉన్నాయి, ఎవరూ కోయక ఆకులు అరచెయ్యంత వెడల్పున ఉన్నాయి. మందు కొట్టి వారం దాటింది, మధ్యలో నాలుగు చినుకులు కూడా పడ్డాయి, కడుక్కుపోయే ఉంటుంది, ఇదంతా చదువురాని మనిషి భయం అనుకున్నాను. గంప నిండా ఆ ఆకే దూసుకున్నాను.

అంతవరకు అది తెలివితక్కువతనం. తర్వాత చేసిందానికి ఆ పేరు సరిపోదు. ఆ చివరిదాకా పరుగెత్తి, రెండు దోసిళ్ళ మంచి ఆకు తెచ్చి గంప పైన పేర్చాను. అత్త పైఆకే చూస్తుందని నాకు తెలుసు.

అత్త పైఆకు తీసి నమిలింది. "మా అల్లుడు తెచ్చిన ఆకు తీపిగుండాది" అని పక్కవాళ్ళకు చెప్పి, మిగతా గంపల ఆకుతో కలిపి అన్ని తట్టలకూ వేయించింది. నేను బంతాటకు పోయాను. గెలిచాను కూడా.

పొద్దు వాలేటప్పటికి ఇంటికొస్తే కొట్టంలో వాన చప్పుడు లేదు. పురుగులన్నీ తలలు ఎత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్ళ నుంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి. జ్వరంలో ఎత్తిన తలలు కావవి. నాయన తట్టల మధ్య చతికిలబడ్డాడు. ఎదురింటి పెద్దాయన వాకిట్లో నిలబడ్డాడు, ఆయన వెనక మరో పదిమంది.

"అక్కా, ఆకు చూసే ఏసినావా?" అన్నాడు నాయన.

అత్త వంగి, తట్టలో మిగిలిన ఒక ఆకు ముక్క తీసి వాసన చూసింది. అది అరచెయ్యంత ఆకులోని ముక్క. తోట వైపు చూసింది. తర్వాత స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డ నన్ను చూసింది, నా మొహాన్ని కాదు, చొక్కాను. ఆ ఆకును మడిచి గుప్పిట్లో పెట్టుకుంది.

"చూసే ఏసినా తమ్ముడూ. నాకే తెలీలేదు" అంది.

నాకు రెండు భాషలు వచ్చు. ఆ సాయంత్రం రెండింట్లోనూ ఒక్క మాట రాలేదు.

"పొగరు చెయ్యి. పురుగు ఓర్సుకోలే" అన్నాడు పెద్దాయన. నాయన కాదనలేదు. నాలుగో రోజు అత్త మరిది మళ్ళీ వచ్చాడు. ఈసారి నాయన దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. అత్త అదే గుడ్డ సంచి తీసుకుంది. గడప దగ్గర నా తల నిమిరి, "బాగా సదువుకో అల్లుడూ" అంది. అంతే. బస్సు పోయిన తర్వాత దుమ్ము చాలాసేపు ఉంది.

గది కోసం తవ్విన పునాదిలో అవ్వ గుమ్మడి విత్తులు పెట్టింది. కాయలు విరగకాశాయి. ఆ ఏడంతా ఇంట్లో గుమ్మడికాయ పులుసే. నేను ముట్టలేదు. హాస్టల్ తిండి తిని నాలుక మారిందన్నారు.

అత్త మళ్ళీ మా ఇంటికి రాలేదు. అదీ పొగరే అన్నారు.

ఇరవై ఏళ్ళ తర్వాత, మా తమ్ముని పెళ్ళికి చీరలు కొనడానికి ధర్మవరం పోయి, అడుగుతూ అడుగుతూ అత్త ఉండే వీధికి పోయాను. అప్పటికి పెనిమిటి పోయి చాన్నాళ్ళయింది. పక్కన మగ్గాల చప్పుడు. వసారాలో రాట్నం ముందు కూర్చుని కండెలకు పట్టు చుడుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు. "కూసో అల్లుడూ. సారు అయినావంటనే."

చాప చివర కూర్చుని, "అత్తా, ఆ పొద్దు ఆకు..." అన్నాను.

"వంగతోట సాలుది. నీ సొక్కాకు మందు వాసన కొట్టింది."

"మరి నాయనకు చెప్పలేదే?"

"చెప్తే మీ నాయన నీ ఈపు చీరతాడు, నన్ను ఉండమంటాడు. పిల్లోని ఈపు చూపిచ్చి పుట్టింట్లో ఉండేంత గతిలేక పోలేదు నేను." రాట్నం ఒక చుట్టు తిరిగింది. "అదే నా పొగరనుకో."

నేను తల దించాను. జీవితంలో అంత ఆలస్యంగా దించినవాణ్ణి నేనే అయి ఉంటాను.

"ఆ పేరు కూడా తెలిసింది" అంది. "పక్కింటి పిల్ల బడికి పోతాది. దాన్ని అడిగితే చెప్పింది."

"అత్తా..."

"ఊరంతా తెలుగులో అనిందే నువ్వు ఇంగ్లీషులో అన్నావు, దానికేం లేదులే. మంచి మాటని చెప్పి అన్నావు చూడు." దారం తెగింది. తడి వేలితో ముడివేసి మళ్ళీ తిప్పింది. "నేను పదిమందికి చెప్పుకున్యా."

ఇంటికి పోతూనే నాయనకు చెప్పేస్తానన్నాను. "అప్పుడు లేని నోరు ఇప్పుడు యాన్నుంచి తెస్తావ్? లెయ్, బువ్వ తిందువు" అంది. పప్పుకు తిరగవాత పెట్టింది. వెల్లుల్లి, ఎండుమిరప ఘాటుకు నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఘాటుకే అని ఇద్దరమూ అనుకున్నాము.

ఆమె మాటను నేను నాకు అనుకూలంగా చెప్పొద్దన్నట్టే అర్థం చేసుకున్నాను. భాషా పండితులకు ఆ వెసులుబాటు ఉంటుంది. చివరి రోజుల్లో నాయన మంచంలో పడుకుని, "అక్క పొగరు తగ్గించుకోని ఒగసారి వచ్చింటే బాగుండు" అన్నాడు. ఆయన కాళ్ళు ఒత్తుతూ నేనన్న మాట, "అవును నాయనా." వంగతోట ఆకు కంటే ఆ అవును అన్న మాటే నన్ను ఎక్కువ తింటోంది. ఆ తర్వాత కొన్నేళ్ళకు అత్త కూడా పోయింది. పోయిన పది రోజులకు తెలిసింది నాకు.

మొన్న మా తమ్ముడు పట్టుగూళ్ళు వేసుకుని హిందూపురం మార్కెట్టుకు వచ్చాడు. ఇప్పటికీ ఊళ్ళో పురుగులు పెంచేది వాడే. మధ్యాహ్నం అన్నానికి మా ఇంటికి వస్తే, మనవరాలు చార్టు నేల మీద పరిచి, ఉదాహరణ కోసం ఖాళీగా వదిలిన చోటు ముందు కూర్చుని ఉంది.

"ఏముండాది దాంట్లో, మా అత్త సంగతి రాయి పాపా" అన్నాడు తమ్ముడు చెయ్యి కడుక్కుంటూ. "ఆమె పొగరుకే గదా ఆ కాలంలో పంట పోయింది."

"రాసుకో" అన్నాను మనవరాలితో. తమ్ముడు కంచం ముందు కూర్చునే ఉన్నాడు. గంప దగ్గర మొదలుపెట్టి, పైన పేర్చిన రెండు దోసిళ్ళు, అత్త గుప్పిట్లో మడిచిన ఆకు, నాయనతో అన్న అవును, అన్నీ చెప్పాను. మనవరాలు మధ్యలోనే రాయడం ఆపేసింది. "నువ్వా తాతా?" అంది.

తమ్ముడు కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. "నాయన ఉన్నప్పుడు చెప్పింటే బాగుండు గదన్నా" అన్నాడు. వాడు అన్నం సగంలోనే లేచాడు. పోతూ వాకిట్లో ఆగి, "మనింట్లో అత్త ఫోటో ఒగటన్నా ఉండాదా?" అని అడిగాడు.

లేదు. ఒక్కటి కూడా లేదు. ఆ కాలం నాటిది మా ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోటో, డిక్షనరీ పట్టుకుని తల ఎత్తి నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్లవాడిది. యాభై ఏళ్ళుగా ఏదో ఒక గోడ మీద ఉంటూనే ఉంది. నాతోపాటు నాలుగు అద్దె ఇళ్ళు మారింది. నా రిటైర్మెంటు రోజున ఎవరో దాన్ని చూసి, అణకువ అప్పట్నుంచే ఉన్నట్టుందే సారూ అన్నారు కూడా.

స్టూలు వేసుకుని దాన్ని దించాను. వెనక మేకులు తీస్తే అట్ట పొడిపొడిగా రాలింది. ఫోటో బయటికి లాగి, చార్టు మీద ఉదాహరణ అని రాసిన చోట పెట్టాను. మనవరాలు అడ్డుపడింది. "వద్దు తాతా, పాత ఫోటో పాడైపోతాది. జిరాక్స్ తీసి అంటిద్దాం."

"జిరాక్స్ వద్దు, వాడే రావాలి" అన్నాను.

చార్టు ఇప్పుడు వాళ్ళ బడి గోడ మీద ఉంది. మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లలంతా చుట్టూ చేరి, ఈ పొగరుబోతు ఎవరే అని మా పిల్లను అడుగుతున్నారట. అది చెబుతోందట. గమ్ము నేనే పూశాను. మళ్ళీ ఎప్పుడూ ఊడి రాకుండా నాలుగు అంచులకూ, మధ్యలోనూ, ముఖ్యంగా ఆ తల వెనక, కాస్త ఎక్కువే పూశాను.